కథ చెప్పే మనిషికి బడిలో కుర్చీ

(నెల్లూరులో జరిగిన ప్రభుత్వ ఉపాధ్యాయుల సమావేశంలో ఒక విశ్రాంత సోషల్ టీచర్ చేసిన ప్రసంగానికి రాత రూపం)

వేదిక మీద ఉన్న అధికారులకు, ఎదురుగా కూర్చున్న టీచర్లకు, ఒక రోజు పని మానుకుని మన పిలుపు మీద వచ్చిన గిరిజన కాలనీల పెద్దలకు నమస్కారం.

నాకిచ్చిన అంశం ఆదివాసీల కథలకు, వాళ్ళ చూపుకు బడి చదువులో చోటు ఎలా ఇవ్వాలి అని. చాలా పెద్ద అంశం. నేను మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల వరకే మాట్లాడతాను. మధ్యలో కాసేపు కెనడా వెళ్ళాల్సి వస్తుంది. ఎందుకో అక్కడికి వచ్చినప్పుడు చెబుతాను.

మన జిల్లాలోని నరసింహస్వామి క్షేత్రం పెంచలకోనతో మొదలుపెడతాను. ఈ హాల్లో కోనకి వెళ్ళనివాళ్ళు ఉంటారనుకోను. స్థలపురాణం మనందరికీ నోటికి వచ్చు. హిరణ్యకశిపుణ్ణి చంపినా నరసింహస్వామి ఉగ్రం తగ్గలేదు. కొండల్లో, కోనల్లో తిరుగుతుంటే చెంచుల పిల్ల కనిపించింది. ఆమెను చూసి శాంతించాడు, పెళ్ళి చేసుకున్నాడు. సంగతి తెలిసిన ఆదిలక్ష్మమ్మ అలిగి ఏరు దాటి అవతలికి వెళ్ళిపోయింది. అందుకే అమ్మవారి గుడి అక్కడ విడిగా ఉంది. చెంచు నాయకుడికి ఓలి, అంటే కన్యాశుల్కం, ఇచ్చి మరీ పిల్లను చేసుకున్నాడని కూడా చెబుతారు.

ఈ కథను మనం ఎవరి వైపు నుంచి చెబుతున్నామో ఒకసారి చూడండి. దేవుడి కోపం ఉంది, దేవుడి శాంతం ఉంది. పెద్ద భార్య అలక ఉంది. పిల్లనిచ్చిన ఇంటివాళ్ళు ఏమనుకున్నారు? ఆ పిల్ల ఏమంది? అది మన కథలో లేదు. అదే కథను నల్లమలలో దోర్నాల, ఎర్రగొండపాలెం వైపు చెంచుగూడేల్లో అడగండి. నరసింహస్వామి మా అల్లుడు అంటారు. అల్లుడు కాబట్టి పిల్లను అడగడానికి వచ్చినప్పుడు పరీక్ష కూడా పెట్టారు. గడ్డలు తవ్వగలవా, తేనె తీయగలవా, మా పిల్లకు కూడు పెట్టగలవా అని. దేవుడైనా సరే అడవిలో బతకడం వచ్చని చూపించుకోవాలి. అహోబిలం పారువేట ఉత్సవంలో స్వామి నలభై రోజులకు పైగా పల్లెలు తిరిగి తన పెళ్ళికి అందర్నీ పిలుస్తాడు, అందులో చెంచులు ఆయనకు అత్తింటివాళ్ళు. అంటే గుడి కూడా ఆ చుట్టరికాన్ని ఒప్పుకుంది. బడి ఇంకా ఒప్పుకోలేదు.

నేను సర్వీసులో ఉన్నప్పుడు ఈ కథను క్లాసులో రెండు రకాలుగా చెప్పించేవాడిని. ఒక గుంపు గుడి వైపు నుంచి, ఇంకో గుంపు పిల్ల తండ్రి వైపు నుంచి. రెండో గుంపులో పిలకాయలు అడిగే ప్రశ్నలు మీరు వినాలి. ‘అల్లుడు తర్వాత పుట్టింటికి పంపించాడా సార్?’ ‘ఓలి ఎంత ఇచ్చాడు? ఎవరు తీసుకున్నారు?’ ‘ఆ పిల్లకు ఇష్టమేనా?’ సోషల్ స్టడీస్ అంటే ఇంతకంటే ఏముంది? ఒకే సంఘటన మీద ఎవరి మాట రాసి పెట్టారు, ఎవరి మాట రాయలేదు అని అడగడం నేర్పాలి. అది నేర్పడానికి మనకు పెద్ద గ్రంథాలు అవసరం లేదు, కోన చాలు.

ఇక యానాదుల విషయం. మన నెల్లూరు జిల్లాలో గిరిజనులు అంటే ముందు యానాదులే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో యానాదులు అయిదు లక్షల పైచిలుకు. వాళ్ళలో ఎక్కువమంది పాత నెల్లూరు జిల్లాలోనే ఉన్నారు. మనలో ప్రతి ఒక్కరి బడిలో యానాది పిలకాయలు ఉన్నారు. అయినా ‘ఆదివాసీ విద్య’ అనగానే మన మనసు పాడేరుకో, సీతంపేటకో, ఉట్నూరుకో వెళ్ళిపోతుంది. దీనికి కారణం ఉంది. మన రెండు జిల్లాల్లో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. యానాదులు కొండల మీద విడిగా లేరు, మన ఊళ్ళ చివర, కాలవ కట్టల మీద, చెరువు పోరంబోకులో ఉన్నారు. పైగా మాట్లాడేది తెలుగే. సవర, కువి, కోయ, గోండి లాంటి ఎనిమిది భాషల్లో ఉమ్మడి రాష్ట్రం మాతృభాషా వాచకాలు తెచ్చింది, అది మంచి పని. అంతకు ఎంతో ముందు గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, సవర పిల్లలకు బడి పెట్టి, వాళ్ళ భాషలోనే పుస్తకాలు తయారు చేశారు. ఆయన పుట్టినరోజును మనం తెలుగు భాషా దినోత్సవం అని చేస్తాం, ఆ సవర బడి మాట మాత్రం ఎత్తం. సరే, యానాది, చెంచు పిల్లలకు వేరే వాచకం రాలేదు, ఎందుకంటే వాళ్ళది తెలుగు. భాష ఒకటే కాబట్టి బతుకూ ఒకటే అని మనం అనుకున్నాం. అక్కడ వాళ్ళు మన కళ్ళ ముందే కనిపించకుండా పోయారు. ఎరుకలవాళ్ళకైతే ఇంట్లో మాట్లాడుకునే సొంత భాష ఉంది, మన దగ్గర చాలామంది టీచర్లకు ఆ సంగతే తెలియదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన జిల్లాల్లో ఈ కథలు బడిలోకి రావాలంటే కథ చెప్పే మనిషి బడిలోకి రావాలి. గౌరవంగా రావాలి, కుర్చీలో కూర్చోవాలి, చెప్పినందుకు డబ్బు తీసుకుని వెళ్ళాలి. కథను మనం పట్టుకొచ్చి, మన మాటల్లో పెట్టి, చార్టు మీద అతికిస్తే అది మళ్ళీ మన కథే అవుతుంది.

ఇలా ఎందుకు అంటున్నానంటే, మనం చేస్తున్నది చూస్తున్నాను కాబట్టి. ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం, నవంబర్ 15 బిర్సా ముండా జయంతి. ఆ రోజుల్లో చాలా బడుల్లో ఏం జరుగుతుంది? పిల్లలకు ఆకులు కడతారు, ముఖానికి నల్లరంగు పూస్తారు, చేతికి బాణం ఇస్తారు, ఏదో అరుపులతో పాట పెట్టి గంతులు వేయిస్తారు. చప్పట్లు కొడతారు. ఆ వరండాలో చివరన నిలబడి చూస్తున్న యానాది పాపకు మనం ఏం చెప్పినట్టు? మీ అమ్మ, మీ తాత ఇట్లా ఉంటారని మేం అనుకుంటున్నాం అని చెప్పినట్టు. ఆ పాప తాత లుంగీ కట్టుకుని రొయ్యల చెరువు కాడ కాపలా ఉంటాడు. ఆకులు కట్టుకోడు. దయచేసి ఆ ప్రోగ్రాం మానండి. దాని బదులు ఏమీ చేయకపోయినా నష్టం లేదు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన పాఠం దగ్గరికి వస్తాను. ఎలకల పాఠం.

ఎలకలోళ్ళు. ఈ మాట మన బడుల్లో వినపడుతుంది. పిల్లలు పిల్లల్ని అంటారు. కొన్నిచోట్ల పెద్దవాళ్ళు కూడా అంటారు, వాళ్ళెవరో, ఏ బడో నేను చెప్పను. అన్న మరుసటి రోజు నుంచి ఆ పిల్లవాడు బడికి రాడు. రిజిస్టర్‌లో మనం ‘లాంగ్ ఆబ్సెంట్’ అని రాస్తాం.

అసలు ఆ పని ఏమిటి? వరి కోతలైన తర్వాత యానాది కుటుంబం పొలానికి వస్తుంది. గట్టు మీద కలుగులు చాలా ఉంటాయి. అన్నిట్లో ఎలక ఉండదు. బయట పడేసిన మట్టి తాజాగా ఉందా, దారి నున్నగా ఉందా, కొరికిన గడ్డి పచ్చిగా ఉందా చూసి, ఏది ఉన్న కలుగో ఏది పాడుబడ్డ కలుగో చెప్పేస్తారు. తర్వాత ఆ కలుగుకు బయటికి దారులెన్నో వెతుకుతారు. ఒకటి వదిలి మిగతావి మూసేస్తారు. కుండకు అడుగున చిల్లు ఉంటుంది. అందులో ఎండుగడ్డి కుక్కి, నిప్పు పెట్టి, కుండ మూతిని కలుగుకు ఆనించి, చిల్లులోంచి నోటితో ఊదుతారు. పొగ లోపలికి పోతుంది. ఎలక ఊపిరాడక బయటికి రావాలి, లేదా లోపలే పడిపోవాలి. తర్వాత తవ్వుతారు. లోపల ఎలక దాచిపెట్టుకున్న వెన్నులు ఉంటాయి. ఆ వడ్లు వాళ్ళవి. పట్టిన ఒక్కో ఎలకకు ఇంత అని రైతు వాళ్ళకు కూలి ఇస్తాడు, కొందరు అదీ ఇవ్వరు.

ఈ పనిలో ఎంత సైన్సు ఉందో లెక్కపెట్టండి. మండడానికి గాలి కావాలి. తడిగడ్డికీ ఎండుగడ్డికీ పొగ తేడా. జంతువు తన ఇల్లు ఎలా కట్టుకుంటుంది, తప్పించుకునే దారి ఎందుకు పెట్టుకుంటుంది, ఏ నెలలో పిల్లల్ని పెడుతుంది. పంట నష్టం. ఇప్పుడు రైతులు జింక్ ఫాస్ఫైడ్ మందు పెడుతున్నారు. మందు తిన్న ఎలకను గుడ్లగూబ తింటే? కుక్క తింటే? పొగ కుండతో ఆ ప్రమాదం లేదు. ఆహార గొలుసు పాఠం ఇక్కడే, గట్టు మీదే ఉంది. మన పుస్తకంలో గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అని బొమ్మ వేస్తాం. ఆ బొమ్మలో మనిషి లేడు. నెల్లూరు వరిచేలో ఆ గొలుసులో ఒక మనిషి ఉన్నాడు, అతను యానాది. మొలగొలుకుల వడ్లు పండించిన కాలం నుంచి ఇవాళ ఎడగారు పంట దాకా మన ధాన్యాన్ని ఎలకల నుంచి కాపాడింది ఎవరు అని పిల్లలను అడగండి.

ఆ పాఠం చెప్పేటప్పుడు పొగ కుండ పట్టుకుని నిలబడాల్సింది మీరు కాదు. కాలనీలో ఆ పని బాగా వచ్చిన పెద్దాయన. ఆయన చెబుతుంటే సైన్స్ టీచర్ పక్కన నిలబడి ఆక్సిజన్ గురించి రెండు మాటలు కలపాలి. అంతే. ‘ఎలకలోడు’ అని పిలిచిన పిలకాయలే, ‘తాతా, ఆ రెండో కలుగు ఎట్టా కనిపెట్టినావు?’ అని అడుగుతారు. ఆయన మనవడు అదే క్లాసులో కూర్చుని ఉంటాడు. ఆ ఒక్క పీరియడ్‌లో ఆ పిల్లవాడికి జరిగేది మనం ఎన్ని నోటు పుస్తకాలు, ఎన్ని యూనిఫాంలు ఇచ్చినా జరగదు.

పాముల గురించి కూడా ఇలాగే చెప్పవచ్చు, కానీ జాగ్రత్త చెబుతాను. నాగుపాము ఎక్కడ ఉంటుంది, కట్లపాము ఏ వేళప్పుడు తిరుగుతుంది, రక్తపింజరి ఎలా బుస కొడుతుంది, ఇవన్నీ యానాది పెద్దలకు తెలిసినంత మనకు తెలియదు. పిల్లలకు అది ప్రాణం కాపాడే చదువు. కాటు వేస్తే మాత్రం ఆస్పత్రి, యాంటీ వెనమ్. నాటుమందు గురించి క్లాసులో చెప్పించకండి. తమిళనాడులో యానాదుల్లాగే పాములు పట్టే ఇరులర్లు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. దేశంలో యాంటీ వెనమ్ చాలావరకు వాళ్ళు తీసిన విషంతోనే తయారవుతోంది. ఆ ఇరులర్లలో వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ విషయం పిల్లలకు తప్పక చెప్పండి. ఆస్పత్రిలో సూది వేసే డాక్టరు చదువు, పుట్టలో చెయ్యి పెట్టే మనిషి చదువు ఒకదానికొకటి ఆధారం.

శ్రీహరికోట. 2022లో జిల్లాలు విడగొట్టాక అది తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది, కానీ మనకు అది నెల్లూరు జిల్లా శ్రీహరికోటే. చంద్రయాన్-3 వెళ్ళిన 2023 జూలై 14న మన పిలకాయలందరూ ఆకాశం వైపు చూసి కేకలు పెట్టారు. నేనూ పెట్టాను. ఆ గర్వం నిజమైనది, దాన్ని తగ్గించే మాట ఒక్కటి కూడా నేను అనను. అయితే ఆ పాఠం ఎక్కడ మొదలుపెడుతున్నాం? 1969లో ఆ దీవిని ఎంచుకున్నారు, 1971 అక్టోబర్ 9న రోహిణి రాకెట్‌తో మొదటి ప్రయోగం జరిగింది అని మొదలుపెడతాం. 43 వేల ఎకరాలకు పైబడ్డ దీవి. ఎంచుకునేటప్పటికి అది ఖాళీగా ఉందా?

అక్కడ యానాదులు ఉన్నారు. తరతరాలుగా ఉన్నారు. తెల్లదొరల కాలంలో ఆ అడవి నుంచి కట్టెలు బకింగ్‌హాం కాలవ మీద పడవల్లో మద్రాసు వెళ్ళేవి. ఆ కట్టెలు కొట్టింది, అడవిలో గడ్డలు, కాయలు, తేనె, మందుమొక్కలు సేకరించి ఇచ్చింది వాళ్ళే. మద్రాసు పొయ్యిలు మండడానికి ఆ చేతులు కావాలి. రాకెట్ కేంద్రం వచ్చాక దీవిలోని ఊళ్ళు లేచిపోయాయి. కొన్ని యానాది కుటుంబాలు అక్కడే కూలి పనుల్లో, అడవి పనుల్లో ఉండిపోయాయి. కొన్ని కుటుంబాలు పులికాట్ ఇవతలికి, సూళ్ళూరుపేట, తడ వైపుకి వచ్చాయి.

కాబట్టి రాకెట్ పాఠానికి ఒక్క పీరియడ్ ముందుకు జరగండి. ఆ చుట్టుపక్కల బడుల్లో ఉన్న టీచర్లకు ఇది చాలా తేలిక. దీవిలో పుట్టిన ముసలమ్మలు ఇంకా కాలనీల్లో ఉన్నారు. ఏ చెట్టు ఎక్కడుండేది, మంచినీళ్ళు ఎక్కడ తవ్వేవాళ్ళు, దేవతకు ఎక్కడ పొంగలి పెట్టేవాళ్ళు అని వాళ్ళు చెబుతుంటే పిల్లలు దీవి మ్యాపు గీయాలి. తర్వాత అదే మ్యాపు మీద లాంచ్ ప్యాడ్లు గుర్తుపెట్టాలి. రెండూ మన చరిత్రే. ఆ ముసలమ్మలు ఇంకో పదేళ్ళు ఉంటారో లేదో. మనం ఆలస్యం చేస్తే ఆ మ్యాపు గీయడానికి చెప్పేవాళ్ళు ఉండరు. ఈ హాల్లో నేను చెప్పే అన్ని మాటల్లో తొందరపడాల్సిన మాట ఇదే.

ఇప్పుడు కెనడా. అక్కడ ఆదివాసీ పిల్లలను ఇళ్ళ నుంచి తీసుకెళ్ళి ప్రభుత్వం, చర్చీలు కలిసి నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్ళలో పెట్టారు. వందేళ్ళకు పైగా నడిచాయి. దాదాపు 1,50,000 మంది పిల్లలు ఆ బడులకు వెళ్ళారు. సొంత భాష మాట్లాడితే శిక్ష. జుట్టు కత్తిరించేవాళ్ళు, బట్టలు లాక్కునేవాళ్ళు. చాలామంది తిరిగి ఇంటికి రాలేదు. ఫిలిస్ వెబ్‌స్టాడ్ అనే ఆమె ఆరేళ్ళ వయసులో, 1973లో, నాయనమ్మో అమ్మమ్మో కొనిచ్చిన కొత్త నారింజరంగు చొక్కా వేసుకుని బడికి వెళితే మొదటిరోజే దాన్ని తీసేసుకున్నారు. ఆమె ఆ సంగతి చెప్పిన తర్వాత ఏటా సెప్టెంబర్ 30న అక్కడి బడుల్లో పిల్లలందరూ, ఆదివాసులు కానివాళ్ళు కూడా, నారింజ చొక్కా వేసుకుంటారు. 2015లో, ఆ బడుల మీద విచారణ చేసిన సత్య, సయోధ్య కమిషన్ 94 పనులు చేయమని చెప్పింది. 62వది మన టీచర్లకు సంబంధించినది. ఈ బడుల చరిత్రను, ఆదివాసులు దేశానికి చేసినదాన్ని అన్ని తరగతుల్లో తప్పనిసరి పాఠంగా పెట్టాలి, ఆ బడులు చూసి బతికి బయటపడ్డవాళ్ళతోనూ ఆదివాసీ జనంతోనూ కలిసి దాన్ని తయారు చేయాలి అన్నారు. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 2023-24 నుంచి హైస్కూల్ పాస్ కావాలంటే ఆదివాసీ విషయాల మీద ఒక కోర్సు చదివి తీరాలి.

ఎందుకు చెబుతున్నానంటే, అది దూరదేశపు కథ అని మనం అనుకోకూడదు. కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసిన నేరస్థ తెగల చట్టం తెల్లదొరల కాలంలో, 1871లో వచ్చింది. 1911 చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించింది. ఆ చట్టంలో ఒక సెక్షన్ ప్రకారం, నేరస్థ తెగ అని ముద్రవేసిన కుటుంబాల పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి ప్రత్యేక బడుల్లో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది. కెనడాలో జరిగింది, ఇక్కడ చట్టంలో రాసుకున్నది ఒకే రకం ఆలోచన. మన కావలిలోనే అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ నడిపిన సెటిల్‌మెంట్ ఉండేది. ఎరుకల కుటుంబాలను అక్కడ పెట్టారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా కదలకూడదు. యానాదులను కూడా కొందరిని ఆ చట్టం కిందికి తెచ్చారు. నెల్లూరు జిల్లా మనిషి వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల కోసం, ఆ చట్టం పోవడం కోసం జీవితమంతా పనిచేశారు. 1973లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక అయిదేళ్ళకు, 1952 ఆగస్టు 31న గానీ ఆ ముద్ర దేశమంతటా పోలేదు. ఆగస్టు 15 మన పిల్లలకు నోటికి వచ్చు. ఆ ఆగస్టు 31 ఎవరికీ రాదు.

ఆ ముద్ర కాగితం మీద పోయింది, మన నోటి మీద మిగిలింది. బడిలో పెన్ను పోతే ముందు ఎవరి సంచి వెతుకుతారు? మీరు ఆలోచించండి. కావలి టీచర్లు తమ ఊరి సెటిల్‌మెంట్ చరిత్రను తొమ్మిదో తరగతికి చెప్పడం మొదలుపెడితే, ఆ సంచి వెతకడం ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకే అర్థమవుతుంది.

ఒక హెచ్చరిక కూడా ఉంది. ప్రాజెక్టు వర్క్ అనగానే పిల్లలు ఇంటర్నెట్‌లో వెతుకుతారు. యానాదుల గురించి అక్కడ దొరికేది చాలావరకు 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అచ్చువేసిన ఏడు సంపుటాల నుంచి ఎత్తిరాసిందే. మనుషుల తలలు, ముక్కులు కొలిచిన మనిషి ఆయన. ఆ పుస్తకాల్లో పనికొచ్చే వివరాలు లేవని అనను. కానీ పైకులాలవాళ్ళు యానాదులను పిలిచిన తక్కువ పేర్లు కొన్ని అందులో తెగల పేర్లుగా అచ్చయ్యాయి. అవి ఇవాళ ఏడో తరగతి పాప చార్టు మీదికి ఎక్కుతున్నాయి. చార్టు గోడకు అంటించే ముందు కాలనీ పెద్దలకు చదివి వినిపించండి. వాళ్ళు తీసేయమన్నది తీసేయండి.

కథ చెప్పే మనిషిని పిలిచి చెప్పించమన్నాను కదా, వాళ్ళు అన్నీ చెప్పరు. చెప్పాల్సిన అవసరమూ లేదు. బ్రిటిష్ కొలంబియా ఆదివాసులు తమ చదువు సూత్రాల్లో ఒకటి ఇలా పెట్టుకున్నారు: కొంత జ్ఞానం పవిత్రమైనది, అనుమతితోనే, కొన్ని సందర్భాల్లోనే పంచుకోవాలి. మన చెంచుల దగ్గరా, యానాదుల దగ్గరా అంతే. దేవత గురించి కొన్ని మాటలు బయటివాళ్ళ ముందు అనరు. మందుమొక్కల పేర్లు చెప్పరు, చెబితే మరుసటి నెల ఎవరో వచ్చి వేళ్ళతో సహా పీక్కుపోతారని వాళ్ళకు తెలుసు. ‘అది వద్దులే సారూ’ అంటే అక్కడితో ఆపాలి. ఫోన్ తీసి వీడియో పెట్టకండి. పెట్టాలంటే ఎవరికి చూపిస్తారో చెప్పి, ఒప్పుకుంటేనే పెట్టండి.

నల్లమల వైపు టీచర్లకు ఒక మాట. మీకు మాకంటే ఎక్కువ అవకాశం ఉంది. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం మీ బడి వెనకే ఉంది. అక్కడ అటవీశాఖ దగ్గర ప్రొటెక్షన్ వాచర్లుగా పనిచేసేవాళ్ళలో చెంచులు ఎక్కువ. పులి అడుగు చూసి అది ఆడదో మగదో, ఎప్పుడు వెళ్ళిందో చెప్పగలరు. వాళ్ళలో ఎవరైనా మీ బడి పిల్లల తండ్రే అయి ఉంటాడు. నీతి కథలో పులిని చెప్పే బదులు ఆ తండ్రిని పిలవండి. తేనె తీసేటప్పుడు కొండ అంచు నుంచి తాడు మీద దిగే మనిషికి పైన తాడు పట్టుకునేది బావమరిది. తన తోబుట్టువు భర్త ప్రాణం కాబట్టి తాడు వదలడు అని నమ్మకం. తేనెపట్టు మొత్తం కోయరు, మళ్ళీ ఏడాదికి ఉండాలని కొంత వదులుతారు. ఆ తేనె గిరిజన సహకార సంస్థ ఏ రేటుకు కొంటోంది, సీసాలో ఏ రేటుకు అమ్ముతోంది అన్నది ఎనిమిదో తరగతి లెక్క. లాభశాతం పాఠానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

మీ మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది? పైనుంచి టార్గెట్లు, యాప్‌లో ఫోటోలు, పరీక్షల టెన్షన్. నేను కొత్త సబ్జెక్టు పెట్టమని అనడం లేదు. ఉన్న పాఠంలోనే ఒక మనిషిని కూర్చోబెట్టమంటున్నాను. ఎఫ్.ఏ.లో, అంటే ఏడాది మధ్యలో చేసే నిర్మాణాత్మక మూల్యాంకనంలో, ప్రాజెక్టు వర్క్‌కు మార్కులు ఉన్నాయి. కాలనీ పెద్దను అడిగి రాసుకొచ్చిన రెండు పేజీలు ఆ ప్రాజెక్టు కాకూడదా? 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం బడి బయటి బతుకుతో చదువును కలపమని చెప్పింది. 2020 విద్యా విధానం స్థానిక జ్ఞానం గురించి చెప్పింది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలు భయం లేకుండా చదువుకోవాలని రాసింది. ఎవరైనా అధికారి ఎందుకు చేస్తున్నారని అడిగితే ఈ మూడూ చూపించండి.

డబ్బు సంగతి. పిలిచిన మనిషికి ఆ రోజు కూలి పోతుంది. శాలువా కప్పి, టీ ఇచ్చి పంపిస్తే సరిపోదు. ఆ పూట కూలికి తగ్గకుండా ఇవ్వాలి. బడి ఖర్చులకు వచ్చే స్కూల్ కాంపోజిట్ గ్రాంట్ నుంచి ఇవ్వవచ్చా అని హెడ్మాస్టర్లు నన్ను అడుగుతుంటారు. విద్యా కమిటీలో తీర్మానం రాయించి, మండల విద్యాధికారి (ఎంఈఓ) గారి దృష్టికి తీసుకెళ్ళి చేయండి. వేదిక మీద ఉన్న అధికారులు దీనిమీద ఒక స్పష్టమైన ఉత్తర్వు ఇప్పిస్తే హెడ్మాస్టర్లకు భయం పోతుంది. ఇది నేను అందరి ముందూ అడుగుతున్నాను.

ఆ కమిటీ గురించి కూడా ఒక మాట. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, వెనకబడ్డ వర్గాల తల్లిదండ్రులకు వాళ్ళ పిల్లల సంఖ్యకు తగ్గ చోటు ఉండాలి. మీ కమిటీ పేర్ల జాబితా ఒకసారి తీసి చూడండి. యానాది తల్లి ఉంటే ఆమె సంతకం ఉంటుంది, ఆమె మాట మినిట్స్‌లో ఉండదు. ఎందుకు రాలేదని అడిగితే పట్టించుకోరండీ అంటాం. మీటింగ్ పొద్దున పదింటికి పెడతాం. ఆమె తెల్లవారుజామున రొయ్యల చెరువు కాడికో, నాట్లకో, ఇటుకల బట్టీకో వెళ్ళిపోయి ఉంటుంది. వచ్చే మీటింగ్ సాయంత్రం ఆరింటికి పెట్టండి. బడిలో వద్దు, కాలనీలోనే, వాళ్ళ చెట్టు కింద పెట్టండి. అజెండాలో మొదటి అంశంగా, వచ్చే టర్మ్‌లో మీ దగ్గర నుంచి ఎవరు వచ్చి ఏ పాఠం చెబుతారు అని అడగండి. రెండో అంశం మీరు అడగనక్కర్లేదు, వాళ్ళే చెబుతారు. తాగునీళ్ళ గురించో, కుల ధ్రువపత్రం గురించో, పిల్లను ఎవరో ఏదో అన్నారనో. అది కూడా మినిట్స్‌లో రాయండి.